గట్టు మీది పుట్టమన్ను

మా వదినకి కంగారు. అలాంటిలాంటి కంగారు కాదు. గ్యాస్ కట్టేసి వీధి గుమ్మం దాటాక మళ్ళీ వెనక్కొచ్చి చూసుకుంటుంది. బస్సెక్కాక మా అన్నయ్యకి ఫోన్ చేసి ఇంకోసారి చూడమంటుంది. మబ్బు పడితే తుపానంటుంది, పట్టకపోతే కరువంటుంది. "నీతో వేగేకంటే కొల్లేట్లో కొంగలకి కాపలా కాయడం నయం వదినా," అంటూంటాను. ఆడపడుచుని కదా, ఆ మాత్రం అనే హక్కు నాకుంది. తనూ నవ్వుతుంది. నవ్వుతూనే చెయ్యి సంచీలోకి పోతుంది, తాళంచెవులు ఉన్నాయో లేవో అని.

పేరు చాముండేశ్వరి. పేరు విని ఏ సింహం మీదో ఊరేగే మనిషి అనుకునేరు! బల్లి అరిస్తే ఉలిక్కిపడుతుంది. కానీ తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో పిల్లలకి పర్యావరణం పాఠం చెబుతుంది, మట్టి మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది, గణపవరం నుంచి కొల్లేటి దాకా ఏ రైతునడిగినా 'ఉప్పు మేడమ్' అని చెబుతాడు. ఎందుకంటే, రొయ్యల చెరువులకి బోర్లేసి ఉప్పునీళ్ళు తోడతారు కదా, ఆ ఉప్పు నెమ్మదిగా పక్కనున్న వరిచేలల్లోకి ఊరుతుంది. పైకి కనపడదు. కనపడేసరికి చేను చౌడైపోయి ఉంటుంది. ఎంత ఊరిందో, ఇంకెన్నాళ్ళు పండుతుందో, ఏం చేస్తే నిలబడుతుందో మా వదిన మట్టి చూసి చెబుతుంది.

ఆవిడది పెంటపాడు. చిన్నప్పుడు మట్టి తినేదట. వాళ్ళమ్మ వేపాకు నూరి వేళ్ళకి రాస్తే, ఆ చేదుతోనే తినేదట. పెళ్ళయ్యి మా ఇంటికొచ్చిన కొత్తలో ఈ సంగతి తెలిసి మా అమ్మ, "హవ్వ! అయితే కోడలికి బియ్యం కొనక్కర్లేదన్నమాట," అంది. ఇల్లంతా ఒకటే నవ్వు. వదిన మాత్రం బిక్కమొహం వేసుకుని, నిజంగానే అన్నం పెట్టరేమోనని మా అన్నయ్య వంక చూసింది.

మా అన్నయ్య జగన్మోహనరావు వరి రైతు. తను పదో తరగతి దాటలేదు గానీ పెళ్ళాం చదువంటే వల్లమాలిన మురిపెం. పెళ్ళయ్యాక పీహెచ్‌డీ ఏమిటని చుట్టాలు బుగ్గలు నొక్కుకుంటుంటే, బండి తీసి "ఎక్కు" అన్నాడు. ముందు ఈయన, వెనక ఆవిడ, ఆవిడ ఒళ్ళో ఒక పారా, నాలుగు గుడ్డసంచులూ. జనం పెళ్ళాలని సినిమాకి తీసుకెళ్తే మావాడు కలిదిండి తీసుకెళ్ళి చెరువుగట్ల మీద గోతులు తవ్వించాడు. ఒకసారి ఓ చెరువులాయన దారికడ్డంగా బండి పెట్టి, "ఏవండీ మేడమ్ గారూ, మా గట్టు పక్కన ఈ గోతులేంటండీ?" అని చాలా మర్యాదగా అడిగాడు. ఆ మర్యాదకే వదినకి చెమటలు పట్టాయి. ఇంటికొచ్చి జ్వరం తెచ్చుకుంది. జ్వరం తగ్గగానే మళ్ళీ అదే గట్టుకి వెళ్ళింది. అదీ మా వదిన. భయపడడం మానదు, వెళ్ళడమూ మానదు.

ఇలా ఊరందరి మట్టీ చూసిన మనిషి సొంత చేను మట్టి చూడలేదు. అదే అసలు కథ.

గణపవరం దాటి కొల్లేటి వైపు పోతుంటే మా పుట్టింటి చేను వస్తుంది. ఒకప్పుడు చుట్టూ వరే. ఇప్పుడు ఎటు చూసినా చెరువులు, చెరువుల్లో గిర్రున తిరిగే ఏరేటర్లు. మధ్యలో మా అన్నయ్య చేనొక్కటే పచ్చగా లంకలా మిగిలింది. చెరువుకివ్వమని అడగని వాళ్ళు లేరు. "మా నాన్న వడ్లు పండించాడు, నేనూ వడ్లే పండిస్తా," అంటాడు. వదిన ఒకటి రెండుసార్లు మట్టి తీస్తానంటే, "ఇంటి చేనుకి పరీక్షేమిటే? కన్నతల్లికి రక్తపరీక్ష చేసి అన్నం తింటామా?" అని నవ్వేశాడు. ఆవిడా మరి అడగలేదు. అడగకపోవడానికి కారణం ఉంది, అది నాకొక్కదానికే చెప్పింది.

కాలేజీ లేనప్పుడు వదిన ఊళ్ళల్లో బడులకి వెళ్ళి పిల్లలకి మట్టి గురించి చెప్పేది. మీటర్లూ లెక్కలూ అంటే పిల్లలు ఆవలిస్తారని ఒక ఉపాయం పట్టింది. పెళ్ళిళ్ళలో పాలికలు పోస్తారు కదా, చిన్న చిన్న మట్టి మూకుళ్ళలో పుట్టమన్ను నింపి, నానిన నవధాన్యాలు చల్లి, మొలకలొస్తే కాపురం పచ్చగా ఉంటుందని మురుస్తారు కదా, అదే ఉపాయం. "ఎవరి చేలోంచి వాళ్ళు గుప్పెడు మట్టి తెండర్రా," అని, పెరుగు కప్పుల్లో పోయించి, పెసలు చల్లించేది. మంచి మట్టిలో పెసలు లేచేవి, చౌడుమట్టిలో కుళ్ళేవి. పిల్లలు ఒక్కసారి చూస్తే చచ్చినా మర్చిపోరు. పాపం ఆవిడకి తట్టనిదేమిటంటే, ఈ దేశంలో పాలిక మొలవకపోతే దాన్ని ఉప్పనుకోరు, శని అనుకుంటారు.

తేజస్వి అని ఒక పిల్ల కప్పు మొలవలేదు. తోటి పిల్లలు "మీ ఇంటికి శని పట్టింది" అన్నారు. పిల్ల ఏడుస్తూ ఇంటికి పోయింది. వదిన పరుగెత్తుకుంటూ వాళ్ళింటికెళ్ళి, "శని కాదండీ, ఉప్పండీ. మంచినీళ్ళతో కడిగి, జీలుగ చల్లి, మొలిచాక కలియదున్నితే మళ్ళీ పండుతుందండీ," అని వాళ్ళ నాన్నకి బతిమాలి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు, కాఫీ ఇప్పించాడు. ఆ వేసవిలోనే చేను చెరువుకిచ్చేశాడు. "సాక్షాత్తూ మేడమ్ గారే వచ్చి ఇంక పండదని చెప్పేశారు కదండీ," అన్నాట్ట. విని వదిన మూడు పూటలు ముద్ద ముట్టలేదు. అప్పట్నించీ కప్పుల మీద పిల్లల పేర్లు రాయించడం మానేసింది.

"చెబితే చెరువవుతుంది భాగ్యం, చెప్పకపోతే చౌడవుతుంది," అంది నాతో. "మీ అన్నయ్య చేను మట్టి చూశాననుకో. ఉప్పుందని తేలిందనుకో. ఆయన ఏమైపోతారు?"

"లేదని తేలుతుందేమో?"

"చుట్టూ చెరువులు పెట్టుకుని లేదని ఎలా తేలుతుంది?" అంది. అని వెంటనే, "తేలచ్చులే," అంది. అలా ఏళ్ళు గడిచాయి.

మొన్న వైశాఖంలో మా ఇందుజ పెళ్ళి కుదిరింది. నాకు ఒక్కతే కూతురు. ఏలూరులో మా ఇంటి ముందే పందిరి. పెళ్ళికొడుకు పృథ్వీ వాళ్ళది తాడేపల్లిగూడెం, బంగారంలాంటి కుర్రాడు. వాళ్ళింట్లో పెత్తనమంతా వాళ్ళ మామ్మ అచ్చాయమ్మగారిది. అరిచి మాట్లాడదు. అరిస్తేనే బాగుండును.

మా ఇళ్ళల్లో పెళ్ళికూతుర్ని చేసిన రోజునే పాలికలు పోస్తారు. పెళ్ళినాటికి మొలకలు లేచి పందిట్లోకి రావాలి. పుట్టమన్ను మేనమామ తేవాలి. మా అన్నయ్య ఎవరో చెప్పిన పుట్ట దగ్గరికి పోతాడా? "నా మేనకోడలి పాలికలకి నా గట్టు మీది పుట్టమన్నే!" అని కొత్త తువ్వాల్లో మూటకట్టి, కారులో ఒళ్ళో పెట్టుకుని, సన్నాయివాళ్ళని వీధి చివరికి రప్పించి మరీ దిగాడు. ఆ మూట చూడగానే వదిన, "ఏ గట్టుదండీ?" అంది. "దక్షిణపు గట్టుదే," అన్నాడు వాడు. దక్షిణం వైపే పెద్ద రొయ్యల చెరువు. అయిదుగురు ముత్తైదువుల్లో వదినా ఉంది కదా, వంతు రాగానే గింజలు చల్లింది. చల్లి, మన్ను అంటిన వేళ్ళు పదే పదే కొంగుకి తుడుచుకుంది. పెళ్ళి హడావుడి కదా, ఈవిడ కంగారూ మామూలే కదా అనుకున్నాను.

వైశాఖమాసపు ఎండలకి పెసలైతే తెల్లారేసరికి ముక్కు బయటపెట్టాలి. పెట్టలేదు. మర్నాడూ లేదు. ఇంకో పూట చూద్దామన్నాను. పాలు చిలకరించాను, తడిగుడ్డ కప్పాను, దేవుడికి దండం పెట్టాను. లేవలేదు. ఓరి నాయనో, నా గుండె ఎలా కొట్టుకుందని! ఇందుజ ఆఫీసులో పదిమందికి పని చెప్పే పిల్ల, అలాంటిది గుడ్డ ఎత్తి చూసి చూసి నా దగ్గరకొచ్చి, "అమ్మా, నాలో ఏమైనా దోషముందేమిటే?" అంది. "నోరు ముయ్యి," అని కసిరి, స్నానాల గదిలోకి పోయి ఏడ్చాను.

అనుకున్నంతా అయింది. ఆ మధ్యాహ్నమే అచ్చాయమ్మగారు పెళ్ళికూతురికి చీర పట్టుకుని వచ్చింది. చీర ఇచ్చింది, బొట్టు పెట్టింది, పాలికల దగ్గర నెమ్మదిగా వంగింది.

"మొలకలు కనపడవేవండీ?"

"కొంచెం ఆలస్యమయిందండీ మామ్మగారూ."

"ఆలస్యమేవుందిలెండి," అని చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయింది. సాయంత్రం ఫోన్. "రేపు పొద్దున్న ఒక్కసారి వస్తామండీ. కూర్చుని మాట్లాడుకుందాం. కంగారేం లేదండీ." మా గోదావరి జిల్లాల్లో కంగారేం లేదన్నారంటే కొంప మునిగినట్టే.

వదినని వంటింట్లోకి లాక్కెళ్ళాను. "ఏమిటిది? నువ్వు మట్టి డాక్టరువి కదా, చెప్పు. గింజలు పుచ్చువా? పాలు ఎక్కువయ్యాయా?"

వదిన అప్పటికే ఒక పాలికలోంచి రవ్వంత మన్ను తీసి నాలిక మీద వేసుకున్నట్టుంది. "గింజలు మంచివే," అంది.

"మరి?"

"ఉప్పు, భాగ్యం. కషాయంలా ఉంది. ఎండాకాలం నేలలో ఉన్న ఉప్పంతా గట్ల మీదికి ఎగదన్నుతుంది. పుట్ట ఇంకా ఎత్తు, అందులో ఇంకా ఎక్కువ చేరుతుంది."

నాకు ముందు ప్రాణం లేచొచ్చింది. పిల్లలో దోషం లేదు! "అయితే చెప్పెయ్ వదినా! రేపు వాళ్ళ ముందు చెప్పెయ్!" అన్నాను.

ఆవిడ నా వంక చూస్తూ నిలబడింది. అప్పుడు తట్టింది నాకు. ఉప్పు మన్నులో ఉందంటే గట్టులో ఉందనేగా. గట్టులో ఉందంటే మా అన్నయ్య చేనులోకి వచ్చేసిందనేగా. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇటు నా కడుపున పుట్టింది, అటు నా తోడబుట్టినవాడు. తువ్వాల్లో మన్ను మూటకట్టుకుని సన్నాయిలతో దిగిన మొహం కళ్ళముందాడింది.

"గింజలు పుచ్చని చెబుదామా?" అంది వదిన నీరసంగా.

"వాళ్ళు నమ్ముతారా? వేరే గింజలు తెచ్చి ఇదే మన్నులో పోస్తారు. మళ్ళీ లేవకపోతే?" నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలీదు. "నీకు నా కూతురు కావాలా, మీ చేను కావాలా?" అనేశాను.

వదిన పొయ్యి మీద ఏమీ లేకపోయినా గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసుకుని బయటికి పోయింది.

పొద్దున్నే వచ్చారు వాళ్ళు. అచ్చాయమ్మగారు కుర్చీలో, వాళ్ళబ్బాయీ కోడలూ సోఫాలో. మా పురోహితుడు భీమశంకరంగారిని కూడా పిలిపించాను. మా ఆయన సత్తిరాజు గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటున్నారు, ఆయనకి అంతకంటే చేతకాదు. మా అన్నయ్య స్తంభానికానుకుని నిలబడ్డాడు. పాలికలు నడిమధ్యన, అయిదూ బోడిగా.

"మాకేం పట్టింపు లేదండీ," అంది అచ్చాయమ్మగారు. "చదువుకున్న పిల్లలు. కాకపోతే నూరేళ్ళ పంట కదా. శ్రావణంలో ఇంకో మంచి ముహూర్తం చూసుకుంటే ఎలా ఉంటుందీ అని." వాయిదా అంటే ఏమిటో అందరికీ తెలుసు. లోపల గదిలో ఇందుజ ఉంది, గాజుల చప్పుడు కూడా లేదు.

అప్పుడు మా వదిన లేచింది. బల్లి అరిస్తే ఉలిక్కిపడే మనిషి. ఒక పాలిక తీసుకెళ్ళి అచ్చాయమ్మగారి ముందు కూర్చుంది.

"మామ్మగారూ, మీదీ వ్యవసాయదార్ల ఇల్లే కదండీ. ఒక్క రవ్వ నాలిక మీద వేసుకు చూడండి."

"ఇదేం చోద్యమమ్మా!"

"చూడండి మామ్మగారూ. నేనూ చూశాను."

ఆవిడ కోడలి వంకా కొడుకు వంకా చూసి, చిటికెడు తీసి నాలికకి రాసుకుంది. మొహమంతా ముడుచుకుపోయింది. "ఉప్పు! ఇది చౌడుమన్నేవండీ! దీంట్లో నవధాన్యాలు కాదు కదా, దర్భ కూడా మొలవదు. పిల్లని అనవసరంగా..." అని నిజంగా నొచ్చుకుంది. ఆ తర్వాత ఆవిడకి తోచిన మాటే అడిగింది, అందులో ఆవిడ తప్పేం లేదు. "ఎవరండీ ఈ మన్ను తెచ్చింది?"

"నేనేనండీ," అన్నాడు మా అన్నయ్య. "నా గట్టుదే."

భీమశంకరంగారు గొంతు సవరించుకుని, మన్ను మార్చి మళ్ళీ పోసుకోవచ్చునని, దానికి శాస్త్రం అడ్డు చెప్పదని చెప్పారు. ముహూర్తానికి ఇంకా మూడు రోజులుందన్నారు. అచ్చాయమ్మగారు లోపలికెళ్ళి ఇందుజ గడ్డం పట్టుకుని, "నా తల్లే, భయపడ్డావా?" అని ముద్దు పెట్టుకుంది. వదిన పుట్టింటికి ఫోన్ చేస్తే మధ్యాహ్నానికల్లా పెంటపాడు నుంచి పుట్టమన్ను వచ్చింది. నా నెత్తి మీంచి కొండ దిగింది. మా అన్నయ్య మాత్రం ఎప్పుడు బండి తీశాడో, ఎటు పోయాడో ఎవరూ చూడలేదు.

వదిన ప్రాణం ప్రాణంలో లేదు. ఫోన్ చేస్తుంటే ఎత్తడు. "చెరువుకిచ్చేస్తానని ఎవరితోనైనా అనేస్తే? ఆయన ఒక మాటంటే వెనక్కి తీసుకోరు భాగ్యం." పొద్దుగూకే వేళకి వచ్చాడు, ముణుకుల దాకా దుమ్ము. చేతిలో ఇంకో మూట. వదిన వంక చూడకుండా నాతో అన్నాడు, "ఒక పాలిక ఇయ్యవే."

"దేనికిరా అన్నయ్యా?"

"గట్టు వేరు, చేను వేరు. ఇది చేను నడిమధ్యన తీసిన మన్ను. ఇదీ పోస్తా. నలుగురిలో నా చేను చచ్చిందని చెప్పారుగా, చూద్దాం."

"నేనలా అనలేదండీ," అంది వదిన.

"నీ మాట నేనడగలేదు," అన్నాడు వాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాడు వదినతో అలా మాట్లాడడం నేనెరగను.

తనే మన్ను నింపాడు, తనే గింజలు చల్లాడు, ఆ పాలికని వేరేగా మా పెరటి గోడ మీద పెట్టాడు. పందిరి పని, వంటవాళ్ళ పని అన్నీ ఒదిలేసి పూటపూటకీ వచ్చి, మేం తాగడానికి తెప్పించిన మినరల్ వాటర్ పోసేవాడు. ఒక్కళ్ళనీ ముట్టనిచ్చేవాడు కాదు. వదిన వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడేది. నాకు పిల్ల పెళ్ళి దిగులు తీరి, ఈ గోడ దిగులు పట్టుకుంది. పెళ్ళికొచ్చిన చుట్టాలందరూ నన్ను చూసి, కూతురు అత్తారింటికి వెళ్ళిపోతోందని బెంగ అనుకున్నారు.

పెళ్ళిరోజు పొద్దున్నే లేచి చూస్తే పెంటపాడు మన్నులో మొలకలు జూలు విదిల్చినట్టు లేచున్నాయి. నా కళ్ళు చల్లబడ్డాయి. ఇంతలో పెరట్లోంచి కేక. "ఒసేవ్ భాగ్యం! వచ్చి చూడవే!"

పరుగెత్తాను. మా అన్నయ్య పాలికలో పెసలు లేవలేదు, బొబ్బర్లు లేవలేదు, నువ్వుల జాడే లేదు. కానీ వడ్లు! వడ్లు మాత్రం పచ్చగా, సూదుల్లా పైకొచ్చాయి.

"వరి వచ్చిందే! నా చేలో వరి కదా పండేది, పెసలెవడిక్కావాలి? మీ వదినని పిలు!" కళ్ళల్లో నీళ్ళు. కోపమంతా పోయింది వాడికి. వదిన వచ్చింది. "చూశావా?" అన్నాడు. "చూశానండీ," అంది. "వరి నన్ను ఒదల్లేదు," అన్నాడు. వదిన నవ్వింది. నవ్వుతూనే చెయ్యి కొంగు మడతల్లో ఏదో వెతుక్కుంది. ఆ చెయ్యి నాకు తెలుసు.

వాడు స్నానానికి పోయాక పట్టుకున్నాను. "ఏమిటి దాస్తున్నావు?"

"వరి మొలకప్పుడు ఉప్పుని ఓర్చుకుంటుంది భాగ్యం. రెండాకులయ్యాక ఓర్చుకోలేదు. అది ఎండిపోతుంది."

"అమ్మో! మరి చెప్పవేం?"

"ఇవాళ ఆయన బుట్ట మొయ్యాలి," అంది.

మోశాడు. పసుపుబట్టలు కట్టి, మేనకోడల్ని గంపలో కూర్చోబెట్టుకుని, "నా ఇందూ ఎంత తేలిగ్గా ఉందిరా!" అని పరాచికాలాడుతూ పందిట్లోకి తెచ్చాడు. ఫోటోలన్నిట్లో వాడి నవ్వే. అదే ఫోటోల్లో వదిన ఉంది, ఎక్కడ చూసినా వాడి వంకే చూస్తూ ఉంది. అక్షింతలు వేస్తూ నేను దేవుణ్ణి కోరిందేమిటో తెలుసా? పిల్ల కాపురం బాగుండాలని కోరాను, అది అందరూ కోరేదే. దాంతోపాటు ఆ గోడమీది వరి ఎండకుండా చూడు స్వామీ అని కోరాను. చదువుకున్న వదిన చెప్పాక కూడా కోరాను.

పెళ్ళయ్యాక వాడు ఆ పాలిక గణపవరం పట్టుకుపోయాడు. నేను రోజూ ఫోన్ చేసేదాన్ని. "పచ్చగా ఉందే," అనేవాడు. తర్వాత "బాగానే ఉందే," అన్నాడు. తర్వాత ఆ ఊసెత్తితే పెళ్ళిభోజనాల గురించి మాట్లాడేవాడు. వదినని అడిగితే, "పొద్దున్నే దాని ముందు కూర్చుంటున్నారు. నేను అటు వెళ్ళడం లేదు," అనేది.

పదహారు రోజుల పండక్కి అందరం కలిశాం. సరిగ్గా అప్పుడే కాలవలకి నీళ్ళు వదిలారు, మొదటి నీళ్ళు, ఎర్రగా, చెత్తా చెదారం తోసుకుంటూ వస్తున్నాయి. పాలికలు కాలవలో కలపడానికి ఇందుజా పృథ్వీ ముందు నడిచారు, అచ్చాయమ్మగారు నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. పిల్లలిద్దరూ పచ్చటి మొలకలతో పాలికలు నీళ్ళలో వదిలి, నవ్వుకుంటూ దండం పెట్టుకుని పైకొచ్చేశారు.

మా అన్నయ్య కింది మెట్టు మీదే ఉండిపోయాడు. తువ్వాలు విప్పి తన పాలిక తీశాడు. వరి మొక్కలు కొసల నుంచి తెల్లబోయి, మొదళ్ళ దాకా మాడిపోయి ఉన్నాయి. వదిన వెళ్ళి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది.

"నీకు ఆ రోజే తెలుసు," అన్నాడు.

"తెలుసండీ."

"చెప్పలేదు."

"మీరు చెరువుకిచ్చేస్తారేమోనని భయమేసిందండీ. ఇప్పుడూ వేస్తోంది."

వాడు పాలికని రెండు చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. వీడిప్పుడు ఏమంటే అది జరుగుతుంది. నిప్పులాంటి మనిషి, ఇచ్చేస్తానంటే ఇచ్చేస్తాడు.

"నీ దగ్గరికొచ్చే రైతులకి ఏం చెబుతావు?" అన్నాడు. "నాకూ అదే చెప్పండి మేడమ్ గారూ."

వదిన ఏడుపు ఆపుకుంటూ, "ముందు మంచినీళ్ళతో కడగాలండీ," అంది. "ఉప్పు కిందికి దిగి మురుగు బోదెలోకి పోవాలి. అదీ ఏడాదిలో పోదు."

వాడు ఎండిన మొక్కలు పీకేశాడు. పాలిక అడుగున రాతిముక్కతో పొడిచి చిన్న చిల్లు చేశాడు. కాలవలో దోసిలి ముంచి నీళ్ళు పోశాడు. చిల్లులోంచి బురదనీళ్ళు కారాయి. మళ్ళీ పోశాడు. కారుతున్న నీళ్ళు వేలితో అందుకుని నాలిక మీద వేసుకున్నాడు, మొహం చిట్లించాడు, మళ్ళీ పోశాడు. పైనుంచి అచ్చాయమ్మగారు భోజనాలకి వేళయిందండీ అని పిలుస్తోంది. వాడు వినలేదు. పోస్తూనే ఉన్నాడు.

"ఒక్క మూకుడుకే ఇన్ని నీళ్ళు పడితే, చేనుకెన్ని కావాలే?" అన్నాడు.

"చాలా కావాలండీ," అంది మా వదిన. "పొయ్యండి."